బస్సెక్కని వాళ్ళ బెంచీ

సెప్టెంబర్ 4

ఫెలోషిప్ వచ్చింది. మా అరబ్బుల సెంటర్‌లో పనిచేసే హనాదీ నా మెడలో కార్డు వేసి, రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టి, "ఇవాళ్టినుంచి ఈ పేటకి గొంతువి నువ్వే లమీస్" అంది. ఆ పిల్ల ఇక్కడే, డెట్రాయిట్ పక్కనే పుట్టింది. గొంతున్నది మాట్లాడ్డానికే అనుకుంటుంది.

పని పెద్దదేం కాదు. మాలా అరబ్బు దేశాలనుంచి కొత్తగా వచ్చినవాళ్ళనీ, ఎప్పుడో వచ్చి ఇక్కడే ముసలివాళ్ళయిపోయినవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టాలి. అందరూ కలిసి పేటలో ఒక సమస్య పట్టుకుని నగర మండలి దాకా తీసుకెళ్ళాలి. నేను కూర్చోబెట్టడం వరకూ చేస్తాను. సిరియాలో, మా హోమ్స్‌లో ఏడో తరగతి పిల్లలకి భూగోళం చెప్పినదాన్ని, నలుగురు ముసలాళ్ళని కూర్చోబెట్టలేనా?

అసలు ఒప్పుకున్నదెందుకంటే, రోజూ కాసేపు అత్తయ్య కళ్ళబడకుండా ఉండొచ్చని. ఇంటికొచ్చి సంగతి చెప్పానో లేదో, ఆవిడ చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ముసలాళ్ళు కావాలన్నారుగా? నేను ముసలిదాన్ని కానా?"

మా ఆయన నిజార్ నవ్వు ఆపుకోలేక రొట్టె నోట్లో కుక్కుకున్నాడు.

సెప్టెంబర్ 9

మొదటి సమావేశం. ముక్బిల్ హాజీ గారు యెమెన్ మనిషి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. చూపు తగ్గిందని కొడుకులు కారు తాళాలు లాక్కున్నారట, ఆ కోపం ఆయన మీసాల్లో ఇంకా కనబడుతూనే ఉంది. షౌకత్ మాస్టారిది బాగ్దాద్. అరబ్బీ వ్యాకరణం చెప్పేవారు. ఎదుటివాళ్ళు ఏడుస్తూ మాట్లాడుతున్నా తప్పు దొర్లితే దిద్దకుండా ఉండలేరు. ఇంక మా అత్తయ్య. పేరు ఫద్వా, లోకానికి ఉమ్ నిజార్, అంటే నిజార్ వాళ్ళమ్మ. వీళ్ళు గాక మిఠాయిల కోసం వచ్చినవాళ్ళు కొందరు.

"పేటలో మీకున్న సమస్యేమిటో చెప్పండి" అన్నాను.

"నా సమస్య నా కొడుకులే" అన్నారు హాజీ గారు.

"కొడుకులు ఒకరికంటే ఎక్కువున్నప్పుడు సమస్యలు అనాలి. బహువచనం" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, నా కొడుకుల్ని చూస్తే మీరు వ్యాకరణం మర్చిపోతారు."

కాసేపు ఇలాగే నడిచాక అత్తయ్య బల్ల మీద చరిచింది. "బెంచీ సంగతి ఎత్తరేం?"

అంతే, అందరూ ఒక్కసారి లేచారు. సెంటర్ ఎదురుగా బస్ స్టాపులో బెంచీ ఉండేది, పైన చిన్న కప్పు ఉండేది. పోయిన వారం నగరం వాళ్ళు వచ్చి ఊడబెరుక్కుపోయారు. మా ముసలాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు నముల్తూ, ప్రపంచ రాజకీయాలు చక్కబెడుతూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండేది అక్కడే. ఇప్పుడు గోడకి ఆనుకుని నిలబడుతున్నారు. చూస్తే బడిలో గుంజీలు తీయడానికి నిలబెట్టిన పిల్లల్లా ఉంటారు.

సమస్య దొరికింది. నాకు హాయిగా ఉంది. బెంచీయే కదా.

సెప్టెంబర్ 11

వంకాయల్లో అక్రోటు కూరి నూనెలో ఊరబెట్టే రోజులు. ఇల్లంతా వెల్లుల్లి వాసన. "నీ కూరుడు వదులుగా ఉంది" అని లాక్కుంది అత్తయ్య. వంకాయ నాదేగానీ చెయ్యి ఆవిడది.

సెప్టెంబర్ 16

అర్జీ మాస్టారు రాసుకొచ్చారు. చదవడం మొదలుపెట్టారు. నగర మండలి అధ్యక్షుడి వంశానికి దీర్ఘాయువు కోరడంతోనే మొదటి పేజీ అయిపోయింది. రెండో పేజీలో ఆయన న్యాయబుద్ధిని పున్నమి చంద్రుడితో పోల్చారు.

"మాస్టారూ, బెంచీ ఎప్పుడొస్తుంది?" అంది హనాదీ.

"నాలుగో పేజీలో."

"ఇక్కడ అలా రాయక్కర్లేదు బాబాయ్. మాకు బెంచీ కావాలి అని రాస్తే చాలు."

మాస్టారు కళ్ళజోడు తీసేశారు. "అధికారం ఉన్నవాడికి దండం పెట్టకుండా మాట మొదలుపెట్టడమా? మెడ మీద తల ఉంచుకోవాలని లేదా అమ్మాయ్ నీకు?"

హనాదీ పడీపడీ నవ్వింది. మేం ఎవరం నవ్వలేదు. తర్వాత మాకూ నవ్వొచ్చింది. కాస్త ఆలస్యంగా.

సెప్టెంబర్ 23

సంతకాల కోసం రొట్టెల దుకాణం, మంగలి షాపు, మసీదు గుమ్మం అన్నీ తిరిగాం. అత్తయ్య ముందు నడుస్తుంది, నేను కాగితాలు పట్టుకుని వెనక.

"సంతకం పెడితే ఏమవుతుంది?" అన్నాడు మంగలి.

"బెంచీ వస్తుంది."

"పెట్టకపోతే?"

"నా మోకాళ్ళు నీ షాపుకొచ్చి కూర్చుంటాయి. రోజూ" అంది అత్తయ్య. వెంటనే పెట్టాడు.

మా వెనక వీధిలో కొత్తగా దిగిన ఒకావిడ, మా దేశం మనిషే, పెన్ను తీసుకుంది, మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది. లోపలికెళ్ళి సంచీ నిండా దోసకాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను బలవంతపెట్టలేదు. మంచి దోసకాయలు.

"నీ సంతకమేదీ?" అంది హనాదీ.

అందరిదీ అయ్యాక పెడతానన్నాను. పద్ధతి అది.

సెప్టెంబర్ 25

ఇంకా పెట్టలేదు. పెన్ను సరిగ్గా రాయడం లేదు.

బాసెల్ అన్నయ్య పెట్టింది కూడా ఇలాంటి సంతకమే. మా వీధి మురుగుకాలవ బాగుచేయించమని. ఇద్దరు మనుషులొచ్చి, కాఫీ తాగి వద్దువుగాని రా అని చాలా మర్యాదగా తీసుకెళ్ళారు. ఆ కాఫీ తాగి అన్నయ్య ఇంతవరకూ రాలేదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ వీధితలుపుకి గడియ పెట్టనివ్వలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నాను? అది ఆ దేశం, ఇది ఈ దేశం. భూగోళం చెప్పినదాన్ని, నాకు తెలీదా?

అక్టోబర్ 2

మండలి సమావేశానికి ఎవరేం చేయాలో పంచుకున్నాం. అత్తయ్య మాట్లాడుతుంది. హనాదీ ఇంగ్లీషులోకి మారుస్తుంది. హాజీ గారు పక్కన హుందాగా నిలబడతారు. మాస్టారు తల ఊపుతారు. నేను మంచినీళ్ళ సీసాలు మోస్తాను.

"నీ ఇంగ్లీషు బాగుంటుందిగా, నువ్వూ రెండు ముక్కలు మాట్లాడు" అంది హనాదీ.

గొంతు బాగోలేదన్నాను. నిజంగానే బాగోలేదు. ఊళ్ళో గాలి మారింది.

అక్టోబర్ 8

వంటింట్లో అత్తయ్య గరిటె మైకులా పట్టుకుని సాధన చేస్తోంది. "ఓ అధ్యక్షుడా, నీకు తల్లి ఉందా? ఉంటే ఆవిడ ఎక్కడ కూర్చుంటుంది?"

"అమ్మా, ఆయన్ని తిట్టకూడదు" అన్నాడు నిజార్.

"తిట్టడం లేదురా, కుశలం అడుగుతున్నా."

మైకు దగ్గర ముందుగా పేరూ వీధీ చెప్పాలట. ఆవిడ అది కూడా గట్టిగా సాధన చేసింది. పక్కింటివాళ్ళ కుక్కక్కూడా ఇప్పుడు మా వీధి పేరు తెలుసు.

అక్టోబర్ 14

ఇంటికొచ్చాక చేతులు కడుక్కుని, టీ పెట్టుకుని, తాగకుండా వదిలేసి ఇది రాస్తున్నాను.

హాల్లో ఆఖరి వరసలో తలుపు పక్కన కూర్చున్నాను, సీసాలు ఒళ్ళో పెట్టుకుని. మాకంటే ముందు ఒకాయన కుక్కల పార్కు గురించి మాట్లాడాడు. వాళ్ళ కుక్క మనసు నొచ్చుకుందట. మండలి సభ్యులందరూ శ్రద్ధగా విన్నారు. హాజీ గారు వెనక్కి తిరిగి, "అయితే మనకి ఆశ ఉంది" అన్నారు నాతో.

అత్తయ్య వెళ్ళింది. పేరు చెప్పింది, వీధి చెప్పింది. మైకు అక్కర్లేని గొంతుతో అరబ్బీలో అందుకుంది.

"మీరు ఊడబెరికింది చెక్క ముక్క కాదు, మా కాళ్ళు. మెత్తటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి మా చెక్కబల్ల మీద కన్నెందుకు పడింది? మీ అమ్మల్ని ఇలాగే గోడకి నిలబెడతారా? సిగ్గనిపించలేదా?"

హనాదీ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పింది. "మండలి చేస్తున్న సేవకి ఉమ్ నిజార్ గారు కృతజ్ఞతలు తెలుపుతున్నారు. ఆ బెంచీ పెద్దవాళ్ళకి ఎంతో ముఖ్యమని మనవి చేస్తున్నారు."

అధ్యక్షుడు చిరునవ్వు నవ్వి, "చాలా సంతోషం" అన్నాడు.

అత్తయ్య ఆయన్ని చూసింది. హనాదీని చూసింది.

"ఇదేంటే? నేను కడిగేస్తుంటే ఈయన నవ్వుతున్నాడు?"

"చెప్పాను పెద్దమ్మా..."

"ఏం చెప్పావు? పంచదార కలిపావు. నేను వేసింది కారం." ఇంక హాలంతా వినబడేలా, "లమీస్! ఎక్కడున్నావే? ఇలా రా!"

నేను గొంతు చూపించాను, బాగోలేదన్నట్టు.

"గొంతు అక్కడ పెట్టి నాలుక పట్టుకురా!"

అందరూ వెనక్కి తిరిగారు. లేచాను. సీసాలు కిందపడి దొర్లిపోయాయి. తలుపు పక్కనే ఉంది, బయటికి పోవచ్చు. ఎందుకు పోలేదో ఇప్పటికీ తెలీదు. ముందుకే నడిచాను.

"మీ పేరు, మీ వీధి చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు. మామూలుగానే అన్నాడు. మర్యాదగా. వాళ్ళూ మర్యాదగానే అన్నారు అప్పుడు.

అత్తయ్య ఈసారి అరవలేదు. నా వీపు మీద చెయ్యి పెట్టి ఊరుకుంది. ఎంతసేపో.

చెప్పాను. పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. వీధి చెప్పాను. రాసుకునే అమ్మాయి అక్షరాలు చెప్పమంది. ఒక్కో అక్షరం చెప్పాను. ఆమె రాసుకోవడం చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఏమైందో, అత్తయ్య కారం చిటికెడు కూడా తగ్గించకుండా మొత్తం ఇంగ్లీషులో వడ్డించాను. మెత్తటి కుర్చీలు అన్నప్పుడు ఒక సభ్యురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిగ్గనిపించలేదా అన్నప్పుడు అధ్యక్షుడి చెవులు ఎర్రబడ్డాయి. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, బహుశా కుక్కాయన.

అధ్యక్షుడు కాగితాలు తిరగేశాడు. "అమ్మా, ఒక మాట. ఆ స్టాపులో బస్సెక్కేవాళ్ళే లేరని మా దగ్గరున్న లెక్క. అందుకే తీసేశాం. మీలో ఆ బస్సు ఎక్కేవాళ్ళెవరు?"

అరబ్బీలో చెప్పాను. మావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హాజీ గారు పైకప్పు చూశారు. మాస్టారు బూట్లు చూసుకున్నారు. ఒక్కరూ ఎక్కలేదు, ఒక్కనాడూ ఎక్కలేదు. బస్సు వచ్చి ఆగినప్పుడల్లా ఆ డ్రైవర్‌ని చెయ్యూపి పంపేసేవారట!

ఏదో ఒకటి అల్లి చెబుదామనుకున్నాను. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది.

"నిజమే చెప్పు. ఎక్కలేదని చెప్పు. ఆ బస్సు ఎటు పోతుందో మాకెవరూ చెప్పలేదనీ చెప్పు. మాకర్థమయ్యే ముక్క ఒక్కటైనా ఆ స్తంభం మీద రాశారా? గుమ్మం ఎటుందో తెలియనివాడు ఇంట్లోకెలా వస్తాడు?"

అది చెప్పాను. చెప్పేసి ఊరుకోవాలి. కానీ నా నోరు ఇంకా నడుస్తోంది. "నేను భూగోళం టీచర్ని. ఆ దారి పటం నేను గీస్తాను. మాకు కాస్త గడువివ్వండి. ఎక్కుతారో లేదో అప్పుడు చూడండి" అన్నాను. ఈ ముక్క అత్తయ్య చెప్పమనలేదు.

నవంబర్ సమావేశానికి వాయిదా వేశారు.

కారులో అందరూ ఒకటే గోల. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య మీద ఒళ్ళు మండిపోతోంది.

అక్టోబర్ 15

ఆవిడతో మాట్లాడలేదు. పొద్దున ఇంటిముందు కారు ఆగితే తెర సందులోంచి చూశాను. పక్కింటికి పార్సెల్.

అక్టోబర్ 16

ఇవాళ కూడా పార్సెలే.

అక్టోబర్ 18

నేను తోటకూరలాంటి ఆ మొలోఖియా ఆకు గిల్లుతుంటే అత్తయ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ గిల్లింది. చాలాసేపు మాట్లాడలేదు. అత్తయ్య అంతసేపు ఊరుకోవడం పెళ్ళయ్యాక ఇదే చూడటం.

"నిన్ను చూడ్డానికి మీ ఇంటికొచ్చిన రోజు గుర్తుందా?" అంది.

ఊ కొట్టాను.

"కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చి, నిలబడే ఒక కథ చెప్పావు. మీ బళ్ళో పిల్లాడు నైలు నదిని తెచ్చి ఫ్రాన్సులో కలిపాడని. నువ్వు చెబుతున్నావు, కాఫీ చల్లారిపోయింది. మా ఆడపడుచు గిల్లింది, వదినా ఈ పిల్ల వాగుడుకాయ, వద్దని. నాకు ఇదే కావాలన్నాను. మా నిజార్ మూగమొద్దు, ఇంట్లో ఒక్కదాన్నే మాట్లాడి మాట్లాడి చస్తున్నాను, తోడు కావాలన్నాను."

ఇంకో గుప్పెడు ఆకు ముందుకు లాక్కున్నాను.

"తర్వాత మీ అన్నయ్య సంగతి జరిగింది. నువ్వు మాట్లాడటం మానేశావు. సరే, దుఃఖం అనుకున్నాను. సముద్రం దాటి వచ్చాం, ఇక్కడ మాట్లాడుతుందిలే అనుకున్నాను. మాట్లాడలేదు. ఊ, ఊహూ, అలాగే అత్తయ్యా. ఎవరో పిల్లని తెచ్చి నా ఇంట్లో పెట్టినట్టుంది. నేనెన్నుకున్న కోడలేదని ఎవర్ని అడగనే?" ఆకులన్నీ గిన్నెలోకి ఒక్కసారి తోసింది. "మొన్న మైకు దగ్గర చివర్లో నీ అంతట నువ్వు నాలుగు ముక్కలన్నావు చూడు. నాకు భాష రాదు. కానీ గొంతు గుర్తుపట్టాను."

లేచి పొయ్యి వెలిగించాను.

కూరలో ఉప్పెక్కువైంది. ఇద్దరం వేశాం.

అక్టోబర్ 19

సంతకం పెట్టాను. "నీ పేరులో దీర్ఘం ఎగరగొట్టావు" అన్నారు మాస్టారు.

అక్టోబర్ 23

పటం అయింది. అట్టంత కాగితం మీద బస్సు దారి, అరబ్బీలో. ఎక్కడ ఆసుపత్రి, ఎక్కడ లైబ్రరీ, ఎక్కడ చవగ్గా మాంసం దొరుకుతుంది. ఇన్నాళ్ళకి మళ్ళీ రంగు పెన్సిళ్ళు పట్టుకున్నాను. నిజార్ వెనకనుంచి చూసి, "నది నీలం కాస్త ఎక్కువైంది" అని పారిపోయాడు.

ఇంక ఎక్కించడం. హాజీ గారు మొరాయించారు.

"ఈ చేతులతో కార్లు బిగించాను అమ్మాయ్. ఈ ఊళ్ళో తిరిగే కార్లలో సగం నా బిడ్డలే. నేను బస్సెక్కడమేమిటి? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఆ బిడ్డలు మిమ్మల్ని ఎక్కించుకోవడం లేదుగా" అంది అత్తయ్య. "నడవండి అయితే."

ఎక్కారు. ఎక్కి, ఇంజన్ చప్పుడు విని, "ఇది రిపేరుకొస్తుంది త్వరలో" అన్నారు డ్రైవర్‌కి. నేను మార్చి చెప్పాను, పంచదార లేకుండానే.

ఆఖరి స్టాపు డెట్రాయిట్ నది ఒడ్డు. అవతల ఒడ్డు కెనడా. మాస్టారు రెండు చేతులూ చాచి నది మీద పద్యం అందుకున్నారు, మధ్యలో ఆగి తన తప్పు తనే దిద్దుకున్నారు. అత్తయ్య థర్మాస్ తీసింది. "అదేనా కెనడా? ఇంతేనా? దీనికా అంతమంది వీసా వీసా అని చస్తారు?"

హాజీ గారు మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. దగ్గరికెళ్ళాను.

"మా ఆవిడది ఏడెన్ రేవు, అమ్మాయ్. సముద్రం పక్క పుట్టింది. ఇక్కడికొచ్చాక నీళ్ళు లేక ఊపిరాడటం లేదనేది. షిఫ్టు అవనీ, సెలవు రానీ, తీసుకెళ్తాననేవాణ్ణి. ఎక్కడికో నాకే తెలీదు. ఫ్యాక్టరీ, ఇల్లు, మసీదు. ఇన్ని నీళ్ళు ఇంత దగ్గరున్నాయని..." అక్కడితో ఆపేశారు.

అత్తయ్య ఆయన చేతికి కాఫీ ఇచ్చింది. అందరం నీళ్ళు చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఆయనే, "రేపు కూడా వద్దాం" అన్నారు.

అక్టోబర్ 30

రోజూ పోతున్నారు. లైబ్రరీకి, దంతవైద్యుడికి, ఊరికే. కిటికీ సీటు కోసం మాస్టారికీ హాజీ గారికీ మాటల్లేవు. దోసకాయలిచ్చిన ఆవిడ వచ్చింది. పేరు నస్రీన్. పటం ఇంకొకటి గీసివ్వమంది, వాళ్ళ చెల్లెలికట. ఆ డ్రైవర్ ఇప్పుడు చెయ్యి ఊపించుకుని వెళ్ళిపోవడం లేదు, చీటికిమాటికి గడియారం చూసుకుంటూ మావాళ్ళ మోకాళ్ళ కోసం ఆగుతున్నాడు.

నవంబర్ 11

నెగ్గాం. ముప్పాతిక నెగ్గాం. బెంచీ ఇస్తారు, స్తంభం మీద అరబ్బీలో వేళలు రాయిస్తారు. పైకప్పు మాత్రం వచ్చే ఏడాది చూద్దామన్నారు.

ఈసారి పేరు చెప్పడానికి నా వీపు మీద ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది. గుండె దడదడలాడింది. ఆడితే ఆడనీ అనుకున్నాను.

"వచ్చే ఏడాది మళ్ళీ వస్తామని చెప్పు. కారం ఇంట్లో చాలా ఉందని చెప్పు" అంది అత్తయ్య.

చెప్పాను. ఈసారి అధ్యక్షుడు అర్థమయ్యే నవ్వాడు.

నవంబర్ 21

బెంచీ బిగించారు. కొత్తది, పచ్చరంగు. హనాదీ ఫొటో తీద్దామని వెళితే ఒక్కరూ లేరట. "ఎక్కడున్నారు మీరంతా?" అని ఫోను.

ఎక్కడుంటాం? నది దగ్గర.

నవంబర్ 27

మంచు పడింది, మొదటిసారి. బస్సులో అద్దాలన్నీ మసకబారాయి. ముసలాళ్ళందరూ కోట్లలో మూటల్లా కూర్చున్నారు. నస్రీన్ కూడా వచ్చింది, పిల్లని ఒళ్ళో పెట్టుకుని.

మాస్టారు హోమ్స్ వాళ్ళ మీద జోకు మొదలుపెట్టారు. మా ఊరివాళ్ళు తెలివితక్కువవాళ్ళని సిరియా అంతా చెప్పుకుంటుంది, ఇరాక్ వాళ్ళకి కూడా పాకిందన్నమాట. ఊరుకుంటానా? "మాస్టారూ, మా ఊరి జోకులు మేం చెబితేనే బాగుంటాయి" అని అందుకున్నాను. ఖాళీ బస్సెక్కిన హోమ్స్ వాడు దారంతా నిలబడే ఉన్నాడు, ఎందుకయ్యా అంటే ఒక సీట్లో కూర్చుంటే మిగతావి నొచ్చుకుంటాయన్నాడట. ఆ సీట్లు ఒక్కొక్కటీ వాడిని ఎలా బతిమాలాయో, కండక్టర్ ఎలా జుట్టు పీక్కున్నాడో, లేచి నిలబడి చేసి చూపిస్తున్నాను. నస్రీన్ పిల్ల కిలకిలా నవ్వుతోంది. హాజీ గారు కళ్ళు తుడుచుకుంటున్నారు.

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"అమ్మా, కాస్త మెల్లగా మాట్లాడతారా? నాకు రేడియోలో మాట వినబడటం లేదు."

అందరూ అత్తయ్య వైపు చూశారు, అలవాటు కొద్దీ. అత్తయ్య నోరైనా విప్పలేదు. వేలు నా వైపు చూపించి, అద్దం మీద ఆవిరి చేత్తో తుడుచుకుని, బయట పడుతున్న మంచు చూస్తూ కూర్చుంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

క్షమించమన్నాను డ్రైవర్‌ని. తర్వాతి స్టాపు దాకా గుసగుసగా చెప్పాను. ఆ తర్వాత మర్చిపోయాను.